రూపాయికి ఎనిమిది పైసలు

నెల మొదట్లో జీతం రాగానే మనం ముందుగా చేసే పనేమిటి? పాలకింత, కరెంటుకింత, పిల్లల ఫీజుకింత అని విడివిడిగా తీసిపెట్టడం. నెలాఖరుకి ఎంత ఇబ్బంది వచ్చినా ఫీజు కవరు జోలికి మాత్రం వెళ్లం. పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటాం గానీ, ఆ కవరు విప్పం. ఇది మనకెవరూ నేర్పలేదు.

మన నగరపాలక సంస్థ చేతిలోనూ అలాంటి కవరొకటి ఉంది. మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 5,000 రూపాయల పన్ను పడే ఇంటి నుంచి 400 రూపాయలు గ్రంథాలయాలకు చేరాలన్నమాట. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు. వసూలు చేసి అందించడం వరకే నగరపాలక సంస్థ పని, ఖర్చు చేసేది గ్రంథాలయ సంస్థ. కానీ ఆ సొమ్ము పూర్తిగా చేరడం లేదని, బకాయిలు కోట్లలో పేరుకున్నాయని పత్రికలు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నాయి.

“లైబ్రరీయే కదా, బడి కాదు కదా!” అనుకోవచ్చు. ఒక్కసారి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం వైపు వెళ్లి చూడండి. పొద్దున్నే టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా పట్టుకుని వచ్చే పిల్లలు ఎంతమందో! అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఫీజు కట్టగలిగినవాళ్లూ ఉంటారు, కట్టలేనివాళ్లూ ఉంటారు. జిల్లాల నుంచి వచ్చి ఇరుకు గదుల్లో ఉంటున్న ఆడపిల్లలూ ఉంటారు.

మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు సర్కారు బడిలో చదివి, డిగ్రీ పూర్తి చేసి, గ్రూప్స్ పరీక్షకి తయారవుతోంది. “ఎక్కడ చదువుకుంటున్నావే?” అని అడిగాను. “ఇంట్ల ఒక్కటే రూం ఆంటీ. టీవీ ఆడనే, వంట ఆడనే. అందుకే లైబ్రరీకి పోత. బంద్ జేసేదాంక ఆడనే కూసుంట” అంది. ఆ పిల్లకి బడి ఇచ్చింది సగం చదువు. మిగతా సగం గ్రంథాలయంలో ఒక కుర్చీ, నెత్తిన తిరిగే ఒక ఫ్యాను ఇస్తున్నాయి. ఫోన్‌లో అన్నీ దొరుకుతాయంటారు గానీ, ఎవరూ కదపకుండా నాలుగు గంటలు కూర్చునే చోటు ఫోన్‌లో దొరుకుతుందా?

ఈ పేటలకి ఇదేమీ కొత్త విషయం కాదు. ఉర్దూ రాజ్యమేలిన నిజాం కాలంలో, 1928లో మాడపాటి హనుమంతరావుగారు తెలుగులో చదువు చెప్పే ఆడపిల్లల బడి పెట్టారు. ఉస్మానియా గుర్తింపు ఇవ్వకపోతే పుణేలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకి పిల్లల్ని పంపారు. నారాయణగూడలో ఆ బడి ఆయన పేరు మీదే ఉంది. ఆ హనుమంతరావుగారే 1951లో హైదరాబాదుకి తొలి మేయరయ్యారు. ఆడపిల్లల చదువు కోసం అంత పట్టుపట్టిన మనిషి కూర్చున్న కుర్చీ అది. చదువు సొమ్ము ఆపడం ఆ కార్యాలయానికి తగునా?

నగరపాలక సంస్థ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. నాలాలు తవ్వాలి, చెత్త ఎత్తాలి, రోడ్లు వెయ్యాలి, జీతాలివ్వాలి. డబ్బు చాలకపోవడమంటే ఏమిటో ఇల్లు నడిపే మనకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? కానీ పక్కింటావిడ మన దగ్గర దాచుకోమని ఇచ్చిన డబ్బుతో మన ఇంటికి సున్నం వేయించుకుంటామా?

అందుకే అడుగుతున్నాను. వసూలైన సెస్సుని వేరే ఖాతాలో వేసి, నెలనెలా గ్రంథాలయ సంస్థకి పంపండి. పాత బకాయిలు ఎప్పటిలోగా తీరుస్తారో తేదీలతో చెప్పండి. ఎంత వసూలైంది, ఎంత ఇచ్చారు అన్నది వార్డు ఆఫీసు గోడ మీద అందరికీ కనిపించేలా రాసిపెట్టండి.

మనమూ ఒక పని చేద్దాం. ఈసారి ఆస్తి పన్ను కట్టేటప్పుడు “మా ఎనిమిది పైసలు ఎక్కడికి వెళ్లాయండీ?” అని అడుగుదాం. నోటితో అడిగి ఊరుకోకుండా కాగితం మీద రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుందాం. కూరలవాడి దగ్గర రూపాయి తేడా వస్తే వదలం కదా! పిల్లల చదువు దగ్గర మాత్రం ఎందుకు వదలాలి?