రోగిని మాట్లాడనిద్దాం

మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. సీటు వచ్చిందని చెప్పినప్పుడు మా బంధువుల్లో ఒకావిడ "ఇంకే కోర్సూ దొరకలేదా?" అంది. అప్పుడు నేను గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడైతే చెప్పగలను.

మొన్న సంక్రాంతి సెలవులకు పిల్ల ఇంటికి వచ్చేసరికి మా అత్తయ్యకు నాలుగు రోజులుగా నలతగా ఉంది. అన్నం సరిగా తినడం లేదు, పగలంతా మగతగా పడుకుంటున్నారు. ముందురోజు రాత్రి లేచి, ఎప్పుడో పోయిన తన చెల్లెలు వచ్చిందా అని అడిగారు. "ఎనభై దాటాక ఇవన్నీ మామూలే" అన్నారు మావారు. నేనూ అలాగే అనుకున్నాను. నుదుటి మీద చెయ్యి వేస్తే జ్వరం లేదు. ఇంక కంగారెందుకు అనిపించింది.

"ఎలా ఉంది నానమ్మా?" అని పిల్ల అడిగింది. ఆవిడ నోరు తెరిచేలోపే "అరిసెలు అరగలేదు" అన్నారు మావారు. "నిద్ర చాలక" అన్నాను నేను. పిల్ల మా ఇద్దరి వంకా చూసి, "మీరు కాసేపు బయట కూర్చోండి. నానమ్మ చెప్తుంది" అంది. మావారు నవ్వుతూ వెళ్ళిపోయారు. నేను మాత్రం తలుపు పక్కనే నిలబడ్డాను.

పిల్ల స్టూలు దగ్గరికి లాక్కుని, ఆవిడ మొహానికి ఎదురుగా కూర్చుంది. జ్వరముందా, నొప్పుందా అని అడగలేదు. అలా అడిగితే ఉందనో లేదనో అనేసి ఊరుకుంటారట. "నీకు ఏమనిపిస్తోందో చెప్పు నానమ్మా" అని, చెయ్యి పట్టుకుని ఎదురుచూసింది. చాలాసేపటికి అత్తయ్య అన్నారు: "ఒంటికి వెళ్తే మంటగా ఉంటోందే. రాత్రిళ్ళు పెరట్లోకి వెళ్ళాలంటే మీ అమ్మను లేపాలి. అందుకని సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేశాను."

నాకు కాళ్ళు చల్లబడ్డాయి. రోజుకు పదిసార్లు గుమ్మంలోంచి "ఏమైనా కావాలా అత్తయ్యా?" అని అడుగుతూనే ఉన్నాను. "ఏం వద్దమ్మా" అంటూనే ఉన్నారు.

తర్వాత పిల్ల మనం ఎక్కడున్నాం, ఇవాళ ఏ రోజు అని మెల్లగా అడిగింది. రోజు తప్పు చెప్పారు. నాలుక ఎండిపోయి ఉందేమో చూసింది. మణికట్టు దగ్గర వేళ్ళు పెట్టి నిమిషం పాటు నాడి లెక్కపెట్టింది, 104. ఆ చెయ్యి వదలకుండానే ఇంకో నిమిషం ఊపిరి లెక్కపెట్టింది, 24. బీపీ ఎప్పటికన్నా తక్కువగా 100/60 ఉంది. జ్వరం 99. అన్నీ టైముతో సహా ఒక కాగితం మీద రాసి, "ఆస్పత్రికి వెళ్దాం అమ్మా, పొద్దున దాకా ఆగొద్దు" అంది.

డాక్టరుగారు ఆ కాగితం చదివి యూరిన్, రక్త పరీక్షలు చేయించారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. సెలైన్, యాంటీబయాటిక్స్ పెట్టారు. మూడో రోజుకి అత్తయ్య నన్ను పేరుపెట్టి పిలిచి కాఫీ అడిగారు.

పెద్దవయసువాళ్ళకి ఇన్ఫెక్షన్ వచ్చినా కొన్నిసార్లు జ్వరం రాదట. ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడడమే దానికి గుర్తు కావచ్చట. దాన్ని మేం వయసు ఖాతాలో రాసేశాం.

పిల్ల దగ్గర నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయని చెప్తున్నాను. నాడిని బొటనవేలితో చూడకూడదు. దానికీ నాడి ఉంటుంది కాబట్టి మన లెక్కే మనకు తగులుతుంది. ఊపిరి లెక్కపెడుతున్నామని రోగికి చెప్పకూడదు, చెబితే తీరు మారిపోతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్ళకి నాడి నిమిషానికి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20 ఉండాలి. బీపీ చూసేముందు అయిదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోబెట్టాలి. వేడి కాఫీ తాగిన వెంటనే నోట్లో థర్మామీటర్ పెట్టకూడదు. కానీ అన్నిటికన్నా ముందు చేయాల్సింది రోగి నోటితో చెప్పించడం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో వచ్చిన 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో రోగిని గమనించడానికి ఒక అధ్యాయమే రాశారు. రాత్రి బాగా నిద్రపట్టిందా అని కాదు, ఎన్ని గంటలు పట్టింది, ఏ వేళప్పుడు పట్టింది అని అడగాలన్నది అందులో ఆవిడ చెప్పే మాట.

మన ఇళ్ళలో జరిగేది వేరు. డాక్టరు దగ్గర భార్య బాధ భర్త చెప్తాడు, తల్లి బాధ కొడుకు చెప్తాడు, అత్తగారి బాధ కోడలు చెప్తుంది. ముఖ్యంగా ఆడవాళ్ళకి ఒంటికి వెళ్ళే బాధ, తెల్లబట్ట, రొమ్ములో గడ్డ వంటివి నలుగురిలో నోటికి రావు. చిన్నపిల్లలకి, స్పృహ సరిగా లేనివాళ్ళకి మనం చెప్పక తప్పదు, నిజమే. మతి తప్పినట్టు మాట్లాడేవాళ్ళ విషయంలో ఇంట్లోవాళ్ళు గమనించింది చాలా అవసరం కూడా. అయినా ముందు వాళ్ళని చెప్పనిచ్చి, మిగిలింది మనం చెప్పాలి.

బీఏలో చదువుకున్నాను, 'పరి' అంటే చుట్టూ, 'చర్య' అంటే నడవడం, చేయడం. పరిచర్య అంటే రోగి చుట్టూ తిరగడం. నేను ఆ నాలుగు రోజులూ తిరిగాను. పక్కన కూర్చోలేదు, అంతే తేడా.

ఇప్పుడు అత్తయ్య మంచం కింద బెడ్‌పాన్ పెట్టాం. చేతికందేలా నీళ్ళ చెంబు, తలగడ దగ్గర ఒక గంట ఉన్నాయి. గోడకి ఒక నోట్‌బుక్ వేలాడదీశాను. రోజూ సాయంత్రం దీపం పెట్టాక పది నిమిషాలు స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఎక్కువసార్లు ఆవిడ పుట్టింటి కబుర్లే చెప్తారు. మధ్యలో ఎప్పుడైనా "మోకాలు లాగుతోందమ్మా" అంటారు. అది రాస్తాను.

ఆ బంధువు మళ్ళీ కనబడితే నా జవాబు సిద్ధంగా ఉంది: "మా పిల్లకి దొరికిన కోర్సు మా ఇంట్లో ఒక ప్రాణం నిలబెట్టిందండీ."

మీ ఇంట్లో కూడా "నాకేం లేదమ్మా" అనేవాళ్ళు ఒకరుంటారు. ఈ రోజు గుమ్మంలోంచి కాకుండా, పక్కన కూర్చుని అడిగి చూడండి.