యింజను ఆగినా బలం ఆగదు

భివండీలోని మన పాఠకులకు సాంచె సంగతి మేము చెప్పనక్కరలేదు. అయితే పద్మనగరులోనూ, కామత్‌ఘర్‌లోనూ వున్న మనవారిలో అనేకులకు నల్లగొండ, కరీంనగరు, పాలమూరు వైపున సేద్యం చేసే అన్నదమ్ములున్నారు. పండుగకు వూరికి వెళ్ళినప్పుడు, "సాంచె విప్పి బిగించే చెయ్యి కదా, మా ట్రాక్టరు కూడా కాస్త చూడరాదూ?" అని వారడగడం, వీరు పానా పట్టుకొని కూర్చోవడం మామూలే. అందుకే యీ నెల ఆ ముచ్చట.

సాంచె మోటారు ఆపి, చక్రం నిలిచాక మనం చెయ్యి పెడతాము. ట్రాక్టరు లిఫ్టుకు అంతమాత్రం చాలదు. 1936లో బ్రిటనులో వచ్చిన ఫెర్గుసన్ ట్రాక్టరు నాటినుంచి సూత్రం ఒకటే: యింజను పంపును తిప్పుతుంది, పంపు ఆయిలును సిలిండరులోకి తోస్తుంది, ఆ ఆయిలు నాగలిని పైకెత్తుతుంది. యింజను ఆపినా లోపల చిక్కుకున్న ఆయిలే ఆ బరువును మోస్తూ వుంటుంది. పైపు వదులు చేసినా, వాషరు చెడినా, పిల్లవాడు లివరు కదిపినా బరువంతా ఒక్కసారిగా మీద పడుతుంది.

కాబట్టి ముందు నాగలిని నేలకు దించండి. యింజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకోండి. లివర్లను రెండు మూడుసార్లు అటూయిటూ కదిపి, మిగిలిన ఒత్తిడి పోనివ్వండి. ఆయిలు చల్లారనివ్వండి. ట్రాలీని ఎత్తి వుంచి పని చేయక తప్పకపోతే, సరుకు దించి, దానికోసమే చేసిన యినుప ఆనిక పెట్టండి. రాళ్ళను, జాకీని నమ్మి కిందికి దూరవద్దు.

యింతకన్నా మోసమైనది సన్నని చిల్లు. కారు టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోలు. ట్రాక్టరు ఆయిలులో అది 150 నుంచి 200 దాకా వుండవచ్చు. సూదిమొనంత చిల్లు నుంచి చిమ్మిన ఆయిలు చర్మం చీల్చుకొని లోపలికి పోతుంది. కనుక పైపును చేత్తో తడిమి చూడవద్దు. కళ్ళద్దాలు పెట్టుకొని, దూరంనుంచి అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. చిల్లుపడిన పైపుకు గుడ్డ చుట్టకండి, మార్చండి.

చర్మంలోకి ఆయిలు పోతే మొదట ముల్లు గుచ్చుకున్నట్టే వుంటుంది, నొప్పి కూడా అంతగా తెలియదు. పసుపు రాసి వూరుకుంటే గంటలలోనే లోపల కండ చెడి, వేలు తీసివేయవలసి రావచ్చు. వెంటనే ఆపరేషను చేసే ఆసుపత్రికి వెళ్ళి, "ఒత్తిడితో ఆయిలు లోపలికి పోయింది" అని స్పష్టంగా చెప్పాలి.

తెగిన పోగు అతికేది ఆ వేళ్ళే. వూళ్ళో ట్రాక్టరున్న మన వాళ్ళకు యీ రాత్రే ఫోనులో యీ నాలుగు మాటలు చెప్పవలసిందిగా మా మనవి.