సైకిలుపై పలుచని పాదరక్షలు

వట్టికాళ్లను తలపించు పలుచని చెప్పులతో సైకిలు త్రొక్కవచ్చునా యని కొందరడుగుచున్నారు. నడకయందు మడమయు భారమును పంచుకొనును; సైకిలుపై నది పాదపు ముందుభాగమునందే పడును. పెడలు ఇరుకై, చెప్పు అడుగు పలుచనైనచో అరికాలు వంగి నొప్పి పుట్టును. కావున వెడల్పు పెడళ్లే మేలు. మన పాతసైకిళ్ల రబ్బరు పెడళ్లు చాలును, ఇనుపపండ్లవి పనికిరావు. మొదట పావుగంటకు మించి త్రొక్కరాదు. వ్రేళ్లు కప్పని చెప్పు మరింత అపాయము: కాలు జారినచో గోరు ఊడుటయు కలదు! మధుమేహమువలన పాదములందు స్పర్శ తగ్గిన అత్తగారికి గాయమైనను తెలియదు. ఆమెకు గట్టి అడుగు గల మూసిన బూట్లే తొడిగింపవలెను. చైను కవరులేని సైకిలును, చీరకుచ్చెళ్లను గూర్చి వచ్చు మాసమున వ్రాసెదను.