ఆ గుండెలు ఊరికే ఆగలేదు

‘‘మరణం జీవితంలో సహజమైన భాగం. పని చేస్తుండగా వచ్చినా, నిద్రలో వచ్చినా అంతే’’ అన్నారు 2022 ఖతర్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సీఈఓ నాసర్ అల్ ఖాతర్. సౌదీ జట్టు విడిది కేంద్రంలో ఫిలిప్పీన్స్ కార్మికుడి మృతి గురించి విలేకరి అడిగితే, టోర్నీ నడుమ ఇప్పుడా ఈ సంగతి అని విసుక్కుంటూ ఇచ్చిన జవాబిది. ఆ కుటుంబానికి ఆయన సంతాపమూ చెప్పారు. అయినా ఈ మాట అమానుషం.

నోరు జారి అన్నది కాదిది. ఖతర్ ప్రభుత్వం ఏళ్లుగా కాగితాల మీద రాస్తున్నదే ఆయన పైకి అన్నారు. పదేళ్లలో దక్షిణాసియా కార్మికులు 6,500 మందికి పైగా అక్కడ మరణించారని 2021 ఫిబ్రవరిలో ‘గార్డియన్’ పత్రిక లెక్క తీస్తే, ఆ సముదాయాల జనసంఖ్యకు, వయసుల తీరుకు ఈ మరణాల రేటు ‘ఊహించదగ్గ పరిధిలోనే’ ఉందని దోహా బదులిచ్చింది. ఈ వ్యవహారంలో చెప్పిన అబద్ధాలన్నిటిలోకీ దుర్మార్గమైనది ఇదే. లెక్కల భాషలో ఉంది కాబట్టి చాలామంది నమ్మారు కూడా.

ఆ సముదాయంలో ఉన్నదెవరు? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లిన కుర్రాళ్లు. వాళ్లలాంటి నేపాలీలు, బంగ్లాదేశీలు. విమానం ఎక్కకముందే వాళ్లకు గల్ఫ్ మెడికల్ జరుగుతుంది. ఛాతీ ఎక్స్‌రే, రక్తం, మూత్రం అన్నీ చూస్తారు. ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చ కనిపించినా ‘అన్‌ఫిట్’ అని తిప్పి పంపుతారు. అంటే జబ్బుపడే అవకాశమున్న వాళ్లను ముందే ఏరివేసి, గట్టివాళ్లను మాత్రమే దేశంలోకి రానిస్తున్నారు. అలాంటి జనంలో మరణాలు మామూలు కంటే బాగా తక్కువ ఉండాలి. వాళ్లను మామూలు జనాభాతో పోల్చి ‘ఊహించిందే’ అనడం తెలిసి చేసే మోసం.

రెండో వైపూ అదే ఏరివేత. అక్కడ జబ్బుపడి పని చేయలేని వాణ్ని ఇంటికి పంపేస్తారు. వాడు ఆరు నెలలకు సొంత ఊళ్లో కన్నుమూస్తే ఆ చావు ఖతర్ ఖాతాలోకి రాదు. కిడ్నీలు పాడై గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన యువకులు నేపాల్‌లో డయాలసిస్ మంచాల మీద ఉన్నారు. నీళ్లు చాలక ఎండలో ఏళ్లపాటు చేసిన కష్టం మీద అక్కడి వైద్యులు వేలు చూపుతున్నారు. వాళ్లెవరూ ఆ ‘పరిధి’లో లేరు. ఆరోగ్యవంతుల్ని రానిచ్చి, రోగుల్ని పంపేసి, అప్పటికీ ఇన్ని వేల శవపేటికలు బయటికొస్తుంటే అది ఎవరి ఊహకు అందిన పరిధి?

ఇక ధ్రువపత్రాలు. ‘గార్డియన్’ లెక్కలో 2,711 మంది భారతీయులు చనిపోతే అందులో 80 శాతం ‘సహజ మరణాలు’. కారణం దగ్గర గుండె ఆగిందనో, శ్వాస ఆగిందనో ఉంటుంది. చనిపోయిన ప్రతి మనిషికీ గుండె ఆగుతుంది. అందుకే దాన్ని మరణ కారణంగా రాయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్యులకు చెబుతుంది. ఎందుకు ఆగిందన్నదే అసలు ప్రశ్న. గుండెజబ్బు మరణాలు చాలా దేశాల్లో చలికాలంలో పెరుగుతాయి. ఖతర్‌లోని నేపాలీ కార్మికుల్లో మాత్రం వేసవిలో పెరిగాయని 2019లో వెలువడిన పరిశోధన తేల్చింది. 2009-17 మధ్య గుండె సంబంధమైనవిగా నమోదైన 571 మరణాల్లో, ఎండ నుంచి సరైన రక్షణ ఉంటే 200 దాకా ఆపగలిగి ఉండేవారని లెక్కగట్టింది.

ఆకస్మిక మరణాలకు పోస్టుమార్టం చేసేలా చట్టం మార్చమని ఖతర్ స్వయంగా నియమించుకున్న న్యాయసంస్థ డీఎల్ఏ పైపర్ 2014లోనే సలహా ఇచ్చింది. ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ రసాయనాలు పట్టించిన మృతదేహాలే శంషాబాద్ విమానాశ్రయంలో దిగుతున్నాయి. ఆ దశలో ఇక్కడి వైద్యుడు తేల్చగలిగేది తక్కువే. స్టేడియాల కార్మికుల్లో పోయారని నిర్వాహకులు ఒప్పుకున్న 40 మందిలో 37 మందికి పనితో సంబంధం లేదని ముద్ర వేశారు. పరీక్షే చేయకుండా సంబంధం లేదని ఎలా తేలింది?

కార్మికుణ్ని యజమానికి కట్టిపడేసే కఫాలా పద్ధతిని సడలించడం, కనీస వేతనం పెట్టడం, 2021లో ఎండ నిబంధనలు కఠినం చేయడం మంచి పనులే, పొరుగు దేశాలు అనుసరించదగ్గవే. కానీ ఎండ ఎవరినీ చంపకపోతే ఆ నిబంధనలు ఎందుకు తెచ్చినట్టు?

ఈ అబద్ధంతో మన ఢిల్లీకీ ఇబ్బంది లేదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద వచ్చే 10 లక్షల రూపాయలు మరణాల్లో ప్రమాద మరణానికే. కాగితం మీద ‘సహజం’ అని పడితే యజమాని నుంచి పరిహారం రాదు, మన బీమా సొమ్మూ రాదు. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు మాత్రం భార్య నెత్తిన మిగులుతుంది. దోహాలో ఒక డాక్టరు రాసిన రెండు మాటలు ఇక్కడ ఆ ఇంటిని ముంచుతున్నాయి.

కారణం తేల్చకుండా మృతదేహాన్ని పంపకూడదని కార్మిక ఒప్పందాల్లో మన విదేశాంగ శాఖ పట్టుబట్టాలి. పోస్టుమార్టానికి కుటుంబం ఒప్పుకోకపోతే తోటి కార్మికులను విచారించి, పని గంటలు, ఆనాటి ఎండ నమోదు చేయించాలి. దానికి చర్చలు కావాలి, సమయం పడుతుంది. బీమాలోని ప్రమాద షరతు తీసేయడానికి మాత్రం ఖతర్ అనుమతి అక్కర్లేదు.  ఆ షరతు ఎప్పుడు తీసేస్తారో పార్లమెంటులో మంత్రిని నిలబెట్టి అడగాల్సింది మన తెలుగు ఎంపీలే.