సరమ ప్రశ్న

నన్నయగారి ఆదిపర్వంలో, కథ ఇంకా కౌరవ పాండవుల దాకా రాకముందే, ఒక తల్లికుక్క రాజు ఎదుటికి వస్తుంది. జనమేజయుని యాగస్థలం దగ్గర ఆడుకొంటున్న తన పిల్లను రాజసోదరులు నిష్కారణంగా కొట్టారు. దేవశుని అయిన సరమ రాజును నిలదీసి, దుర్బలులకు కీడు చేసినవారికి అనుకోని భయాలు కలుగుతాయని చెప్పి వెళ్లిపోతుంది. విద్యార్థులు ఉదంకుని కథకై తొందరపడతారు గాని, మేము సరమ దగ్గరే కొంతసేపు ఆగిపోతాము. నేటి కుక్కపిల్లల వ్యాపారం, తల్లిని ఎవరికీ కనపడనీయకుండా ఉంచడం మీదనే నడుస్తున్నది గనుక.

అంగడిలో మనకు చూపేది అద్దాల పెట్టెలోని బొద్దుపిల్లను. దాని తల్లి ఊరి చివర ఏ రేకుల షెడ్డులోనో, ఒళ్లు తిప్పుకొనే చోటైనా లేని ఇనుప బోనులో ఉంటుంది. ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది; గర్భకాలం సుమారు 63 దినాలు. ఆ వ్యాపారి లెక్కల పుస్తకంలో ఉండేవి ఈ రెండు అంకెలే. ప్రతి ఎదకూ దాటించడం, పాలు మరవక మునుపే పిల్లలను లాగి అమ్మడం, మళ్లీ దాటించడం. ఈతలు తగ్గిననాడు తల్లిని ఏ రహదారి పక్కనో విడిచిపెడతారు. తల్లిపాలకూ, టీకాకూ నోచుకోని పిల్లలు అనేకం పార్వో సోకి, నెత్తురు విరేచనాలతో, కొన్న కొద్ది దినాలకే చనిపోతాయి. ఇంట్లో పసివాళ్లు ఏడుస్తారు. తండ్రి ఓదార్చి మరొక పిల్లను కొనితెస్తాడు!

జాతికుక్కల మోజు దీనికంతటికీ మూలం. 2003లో ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో పగ్ కనబడింది. దేశమంతటా ఆ చప్పిడిముక్కు కుక్కకు గిరాకీ పుట్టింది. ఊపిరి కష్టంగా ఆడడం ఆ ముక్కుతో వచ్చిన శాపమని కొన్నవారికి తరువాత తెలిసింది. మంచుదేశాలలో బండ్లు లాగే హస్కీని మన మే నెల ఎండలకు తెచ్చి, దానికొక ఏసీ గది కేటాయించి, దానినే ప్రేమ అనుకొంటున్నాము.

చట్టం లేకపోలేదు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. 18 నెలలు నిండని కుక్కను ఈనించరాదు. జీవితకాలంలో 5 ఈతలు మించరాదు. 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదు. అయితే జంతుహింసకు 1960 చట్టం మొదటి తప్పుకు విధించిన జరిమానా 10 నుండి 50 రూపాయలు. ఒక్క పిల్ల వేల రూపాయలు పలికే వ్యాపారానికి ఈ భయమొక భయమా?

మన కళాశాలలో ఈ మాట ఎత్తితే, కుక్క నజిస్ కదా, మనకెందుకు అనేవారున్నారు. దాని లాలాజలం సోకితే కడుక్కోవాలన్నది శుచికి సంబంధించిన విధి. దయ వద్దని దాని అర్థం కాదు. దాహంతో మట్టి నాకుతున్న కుక్కకోసం బావిలోకి దిగి, మేజోడులో నీళ్లు నింపి, దానిని నోట కరచుకొని పైకెక్కిన మనిషి క్షమాపణ పొందిన హదీసు బుఖారీలోనే కలదు. కుక్కను అమ్మిన సొమ్మును ప్రవక్త నిషేధించారన్న హదీసూ అందులో ఉన్నది. షాఫయీలు ఆ విక్రయం అసలే కూడదన్నారు. హనఫీలు వేటకు, కావలికి పనికివచ్చే కుక్కల విషయంలో అనుమతించారు. బోనులో ఈనించి అమ్మే ఈ బేరాన్ని ఏ పక్షం మెచ్చుతుందో మా మిత్రులే చెప్పాలి.

కొనేవారు తల్లిని చూపమని అడగాలి. చూపకుంటే తిరిగి రావాలి. జాలిపడి ఆ పిల్లను కొన్నా తల్లి మీద మరో ఈత భారం వేసినవారమే అవుతాము. హైదరాబాదులో 1992లో అమల అక్కినేని స్థాపించిన బ్లూ క్రాస్ వంటి ఆశ్రయాలలో ఇల్లులేని కుక్కలెన్నో ఉన్నాయి.

అయితే విడిపించిన కుక్కను సాకడం తేలిక కాదు. మా సహోద్యోగి ఒకరు ఇట్టి తల్లికుక్కను తెచ్చుకొన్నారు. పళ్లు పుచ్చి, రొమ్ములు వేలాడి ఉన్నది. ముందు పురుగుల మందు, రేబీస్ టీకా, కొంత బలం వచ్చాక పిల్లలు కలగకుండా ఆపరేషన్. నున్నని గచ్చు మీద అడుగు వేయలేదు. తలుపు చప్పుడుకు మూత్రం విడిచేది. వారు దానిని తాకబోలేదు, తేరిపార చూడలేదు. రోజూ ఒకే వేళకు అన్నం పెట్టి, కొంత దూరాన నేలమీద కూర్చొని పరీక్ష పేపర్లు దిద్దుకొనేవారు. రెండు నెలలకు అది లేచివచ్చి వారి మోకాలిని వాసన చూచినది. ఇప్పుడు గడపలో పడుకొంటుంది. మెట్లు మాత్రం ఇంకా దిగదు.