కావేరీ వ్యాజ్యమున చేపకు వకాల్తు లేదా?

కావేరీజలముల వ్యాజ్యమున అత్యున్నత న్యాయస్థానము 2018 ఫిబ్రవరి 16వ తేదీన తీర్పు చెప్పినది. 740 టి.ఎం.సి. నీటిలో తమిళనాడునకు 404.25, కర్ణాటకమునకు 284.75, కేరళకు 30, పుదుచ్చేరికి 7 పంచి, సముద్రము పాలగుటకు 4 విడిచి, పర్యావరణరక్షణకై 10 ఉంచిరి. ఆ నదీకుటుంబమునఁ దప్ప లోకమున మఱెచ్చటను పుట్టని మూపు మహశీరు చేపను, నశింపనున్న జీవుల పట్టికలో అత్యంత విపత్కరస్థితికిఁ జేర్చినదియు ఆ సంవత్సరమే. మొదటి వార్తను చర్చింపని పఠనమందిరము లేదు. రెండవదానిఁ జదివినవా రెందఱు?

ఇది అల్పప్రాణి కాదు. 50 కిలోలకు మించి పెరుగును. 1946లో కబినీనదిలో గాలమునకుఁ జిక్కినది 120 పౌనులు తూగినది. వేటగాండ్రు శతాబ్దమునకుఁ బైగా నెఱిగిన యీ నారింజవన్నె రెక్కల చేపకు శాస్త్రజ్ఞులు టోర్ రెమదేవీ యను సరియైన నామమును నిర్ణయించినదియు 2018లోనే. పేరు తేలని కక్షిదారుని పక్షమున దావా వేయు టెట్లు?

మందుగుండుతో చేపలఁ జంపుట 1897 నాటి మత్స్యశాసనమే నిషేధించినది. రెండు నెలల ఖైదో, రెండువందల రూపాయల జుల్మానాయో గరిష్ఠశిక్ష! నేరస్థుఁ డేల భయపడును?

అయినను దొంగకంటె దాత చేసిన కీడే విచిత్రమైనది. మహశీరులు తగ్గుచున్నవని 1970 దశకము మొదలు లోనావలా కేంద్రమునఁ బొదిగించిన నీలిరెక్కల మహశీరు పిల్లలను కావేరిలో విడిచిరి. అది కృష్ణానదీ పరీవాహమునకుఁ జెందిన జాతి, అనఁగా మనకుఁ జుట్టమే. కాని చుట్టము వచ్చి యింటివానిని వెళ్లఁగొట్టినట్లున్నది. గాలపువేటగాండ్రు 1998 నుండి 2012 వఱకు వ్రాసియుంచిన లెక్కలలో నీలిరెక్కలవి హెచ్చినవి. మూపుచేపలు దాదాపు కానరాకపోయినవి. ‘మహశీరు మహశీరే కదా’ యను నధికారులకు, దత్తుఁడు వచ్చినంత మాత్రమున ఔరసుఁడు బ్రతికినట్లు కాదని మనవి.

రైతు నోటికాడి నీరు తీయుఁడని మేము కోరుట లేదు. ప్రత్యేకించిన 10 టి.ఎం.సి.లు ఏ నెలలో, ఏ యేటిపాయలో నిలుచుచున్నవో, 2018 జూనులో నేర్పడిన కావేరీ జలనిర్వహణ ప్రాధికారసంస్థ లెక్క చెప్పవలెను. పరజాతి మహశీరు పిల్లలను కావేరిలో విడుచుట పూర్తిగా మానవలెను. ఈ చేప యింకను మిగిలియున్న మోయారునందు మందుగుండు వేయువానిపై చిల్లర జుల్మానాతో సరిపుచ్చక, కఠినముగా విచారణ జరుపవలెను.