వంటింటి కబుర్లు: పాలు విరిగాయా? పలహారం సిద్ధం!



ఎండాకాలం మధ్యాహ్నం చుట్టాలు వస్తున్నామని ఫోను చేస్తారు. కాఫీకని పాలు పొయ్యి మీద పెడతాం. పొంగు రాకముందే గిన్నెలో తెల్లటి ముక్కలు తేలి, అడుగున పచ్చటి నీళ్ళు కనిపిస్తాయి. ఆ నిమిషంలో గుండె గుభేలుమనని ఇల్లాలు మా అనంతపురంలో ఉండదంటే నమ్మండి. అందుకే ఈ వారం విరిగిన పాల పనీర్‌తో, అంగట్లో దొరికే చీజ్‌తో, చుట్టాలకు పెట్టడానికి నాలుగు సులువైన పలహారాలు చెబుతాను. రెండు కారంవి, రెండు తీపివి. దాంతోపాటు నేను చేసిన ఒక పొరపాటు కూడా చెప్పాలి.

నిరుడు మే నెలలో మా పెద్దమ్మాయిని చూసుకోవడానికి ఆరుగురు వస్తామన్నారు. పొద్దున్నే పాలు పోసే అక్క రెండు లీటర్లు ఎక్కువ పోసి వెళ్ళింది. ఇల్లు సర్దే హడావుడిలో వాటిని కాచకుండానే ఫ్రిజ్‌లో పెట్టేశాను. పదింటికి కరెంటు పోయి రెండింటిదాకా రాలేదు. ఆ మధ్యలో మంచినీళ్ళకని ఫ్రిజ్ తలుపు మూడు నాలుగుసార్లు తెరిచాము. మూడింటికి పాలు పొయ్యి మీద పెడితే ఇంకేముంది, విరిగి కూర్చున్నాయి.

మా అత్తగారు తల పట్టుకున్నారు. "శుభమా అని వాళ్ళొస్తా ఉంటే పాలు విరిగినాయి. ఈ రోజు వద్దని చెప్పేయ్. ఆ పాలామె నీళ్ళు కలిపింటుంది, నెలాఖరులో రెండు లీటర్లు పట్టుకో" అన్నారు. వాళ్ళు అప్పటికే బయలుదేరారు కదా, వద్దని ఎట్లా చెప్పేది? గిన్నె దించి వాసన చూశాను. కొంచెం పులుపు తప్ప చెడు వాసన లేదు. సగం నిమ్మకాయ పిండి, బట్టలో వడకట్టాను. వాళ్ళు వచ్చేసరికి ఒక కారం, ఒక తీపి సిద్ధమయ్యాయి. పక్కింటి నుంచి పాలు తెచ్చి కాఫీ ఇచ్చాను. పెళ్ళికొడుకు తల్లి రెండోసారి అడిగి పెట్టించుకుంది.

ఇంతకీ పాలు ఎందుకు విరుగుతాయి? పాలలో సహజంగా ఉండే సూక్ష్మజీవులు వేడికి పెరిగి, పాలలోని చక్కెరను పులుపుగా మారుస్తాయి. ఆ పులుపు ఒక హద్దు దాటాక పాలు కాచితే కేసిన్ అనే మాంసకృత్తు ముద్దకడుతుంది. అంతే. ఇందులో శకునం లేదు. మనం నిమ్మరసం పోసి పనీర్ చేసేటప్పుడు జరిగేదీ ఇదే. కావాలని విరగ్గొడితే పనీర్, దానంతటదే విరిగితే అపశకునమా?

ఇంకో మాట. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు చూస్తే చీజ్ అంటే జున్ను అని ఉంటుంది. మనకు జున్నంటే ఈనిన ఆవు, ఎనుము తొలి రోజుల పాలతో చేసేది. అది వేరు, చీజ్ వేరు. చీజ్‌కు పాలను ప్రత్యేకమైన సూక్ష్మజీవులతోనూ, రెన్నెట్ అనే పదార్థంతోనూ గడ్డకట్టించి, నీరు తీసి, ఉప్పు పట్టించి మాగబెడతారు. అందుకే వేడి తగిలితే కరిగి సాగుతుంది. పనీర్‌ను పులుపుతో విరగ్గొడతాం కాబట్టి అది కరగదు, వేయిస్తే గట్టిగా నిలుస్తుంది. ఈ తేడా తెలిస్తే వంటలో సగం తప్పులు తప్పుతాయి. శాకాహారులు చీజ్ కొనేటప్పుడు డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూసి తీసుకోండి.

చీజ్ మనది కాదు అనుకోనక్కర్లేదు. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1946లో మొదలైన పాల సహకార సంఘం, పల్లె రైతుల ఎనుము పాలతోనే పాలపొడి, చీజ్ తయారుచేసి చూపించింది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ పేరుతో ఆ పద్ధతి దేశమంతా పాకింది.

ఇక ముందుగా పనీర్.

ఇంటి పనీర్

కావలసినవి: వెన్న తీయని పాలు ఒక లీటరు, నిమ్మరసం రెండు పెద్ద చెంచాలు, అంతే కొలత నీళ్ళు.

చేసే విధానం: పాలు బాగా పొంగనిచ్చి మంట ఆపండి. రెండు నిమిషాలు ఆగి, నీళ్ళు కలిపిన నిమ్మరసం కొంచెం కొంచెంగా పోస్తూ మెల్లగా కలపండి. ముక్కలు వేరై పచ్చటి తేట నీళ్ళు కనిపించగానే నిమ్మరసం ఆపేయాలి. ఎక్కువైతే పనీర్ పుల్లగా, రబ్బరులా అవుతుంది. పల్చటి బట్టలో వడకట్టి, ఒక చెంబు చల్లటి నీళ్ళు పోసి పులుపు పోగొట్టండి. మూటకట్టి అరగంట వేలాడదీయండి. ముక్కలు కోయాలంటే ఆ మూటను పళ్ళెంలో పెట్టి, మీద రుబ్బురోలు పొత్రం పెట్టి ఇంకో అరగంట ఉంచండి. ఎనుము పాలైతే లీటరుకు దాదాపు 200 గ్రాములు వస్తుంది, ఆవు పాలకు కొంచెం తగ్గుతుంది. వాటంతట అవే విరిగిన పాలైతే నిమ్మరసం సగం చాలు, ఒక్కోసారి అసలు అక్కర్లేదు.

ఆ పచ్చటి నీళ్ళు పారబోయకండి. మా జిల్లాలో నీళ్ళ విలువ మీకు వేరే చెప్పాలా? చపాతీ పిండి కలపండి, చారులో పోయండి, సంగటికి ఎసరు పెట్టండి.

1. చెనక్కాయ కారం పనీర్ బిళ్ళలు

కావలసినవి: పనీర్ ముక్కలు 200 గ్రాములు, వేయించి పొట్టు తీసిన చెనక్కాయ విత్తనాలు అర కప్పు, ఎండుమిరపకాయలు నాలుగు, తెల్లగడ్డ రెబ్బలు నాలుగు, జీలకర్ర అర చెంచా, ఎర్రగడ్డ ఒకటి, నూనె రెండు చెంచాలు, ఉప్పు తగినంత.

చేసే విధానం: ఎండుమిరపకాయలు, జీలకర్ర వేయించి, ఉప్పు వేసి దంచండి. అందులో చెనక్కాయ విత్తనాలు, ఆఖరున తెల్లగడ్డ వేసి బరకగా దంచాలి. మెత్తగా చేస్తే నూనె వదిలి ముద్దవుతుంది. పెనం మీద నూనె వేసి పనీర్ ముక్కలు రెండువైపులా ఎర్రగా కాల్చి, వేడి మీదే పొడిలో దొర్లించండి. ఒక్కో ముక్కకు ఒక ఎర్రగడ్డ రేకు చేర్చి పుల్లకు గుచ్చి పెట్టండి. మా ఇంటికి వచ్చిన వాళ్ళు రెండోసారి అడిగింది ఇదే.

2. చీజ్ మిరపకాయ బజ్జి

అనంతపురంలో ఉగ్గానికి బజ్జి లేకపోతే ఆ పలహారాన్ని పలహారమనరు. ఇది ఆ బజ్జికే కొత్త చీర కట్టినట్టు.

కావలసినవి: లావు బజ్జి మిరపకాయలు పది, తురిమిన చీజ్ 100 గ్రాములు, చిదిమిన పనీర్ 50 గ్రాములు, కొత్తిమీర కొంచెం, శనగపిండి ఒకటిన్నర కప్పు, బియ్యప్పిండి రెండు పెద్ద చెంచాలు, వాము, ఉప్పు, వంటసోడా చిటికెడు, వేయించడానికి నూనె.

చేసే విధానం: మిరపకాయలకు నిలువుగా ఒక గాటు పెట్టి గింజలు తీసేయండి. చీజ్, పనీర్, కొత్తిమీర కలిపి లోపల కూరండి. చీజ్‌లోనే ఉప్పు ఉంటుంది, కూరే దాంట్లో మళ్ళీ వేయొద్దు. ఒట్టి చీజ్ కూరితే కరిగి నూనెలోకి కారిపోతుంది, పనీర్ కలిస్తే పట్టి ఉంచుతుంది. శనగపిండిలో మిగతావన్నీ వేసి గరిటెజారుగా కాకుండా కొంచెం చిక్కగా కలపండి. గాటు మూసుకునేలా ముంచి, బాగా కాగిన నూనెలో తొందరగా వేయించి తీసేయండి. లోపలి చీజ్ చాలా వేడిగా ఉంటుంది, పిల్లలకు రెండు నిమిషాలు ఆగి ఇవ్వండి.

3. పనీర్ బెల్లం ఉండలు

కావలసినవి: మూటకట్టిన మెత్తటి పనీర్ 200 గ్రాములు, తురిమిన బెల్లం 100 గ్రాములు, చెనక్కాయల పొడి మూడు పెద్ద చెంచాలు, ఏలకుల పొడి పావు చెంచా, ఎండుకొబ్బరి తురుము కొంచెం, నెయ్యి ఒక చెంచా.

చేసే విధానం: పనీర్‌ను అరచేత్తో పలుకులు లేకుండా నలపండి. బాణలిలో నెయ్యి వేసి, పనీర్, బెల్లం కలిపి చిన్న మంట మీద తిప్పుతూ ఉండండి. బెల్లం కరిగి మొదట పల్చబడుతుంది, కంగారు పడొద్దు. ఎనిమిది, పది నిమిషాల్లో దగ్గరపడి అంచులు వదులుతుంది. దించి చెనక్కాయల పొడి, ఏలకుల పొడి కలిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడే ఉండలు చుట్టి కొబ్బరిలో దొర్లించండి. పాలల్లో బెల్లం వేస్తే విరుగుతాయని భయపడతాం కదా, ఇక్కడ ఆ భయమే లేదు! ఉండలు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినేయాలి.

4. ఖర్జూరం చీజ్ పుల్లలు

కావలసినవి: మెత్తటి ఖర్జూరాలు పన్నెండు, చీజ్ 100 గ్రాములు, దానిమ్మ గింజలు ఒక గుప్పెడు, మిరియాల పొడి చిటికెడు.

చేసే విధానం: ఖర్జూరాలు చీల్చి గింజ తీయండి. చీజ్‌ను వేలంత పొడుగు ముక్కలు కోసి లోపల పెట్టి, నాలుగు దానిమ్మ గింజలు అద్ది, మిరియాల పొడి చల్లండి. పొయ్యి వెలిగించే పనే లేదు. తీపి, ఉప్పు కలిసి పెద్దవాళ్ళకు కూడా నచ్చుతుంది. చుట్టాలు గుమ్మంలోకి వచ్చాక కూడా చేసేయొచ్చు.

జాగ్రత్త: విరిగిన పాలన్నీ పనికొస్తాయని కాదు. చెడు వాసన, చేదు, జిగురుగా సాగడం, రంగు మారడం, వీటిలో ఏది ఉన్నా పారేయండి. ఎండలో గంటల తరబడి బయట మరిచిపోయిన పచ్చిపాలనూ వాడొద్దు. అనుమానం వస్తే పసిపిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్ళకు అసలే పెట్టొద్దు. పాలు రాగానే కాచడమే అన్నిటికన్నా మంచి అలవాటు. ఆ రోజు నేను చేయనిది ఆ ఒక్క పనే.

ఇక నా పొరపాటు సంగతి. ఆ సంబంధం కుదరలేదు. పెళ్ళయ్యాక అమ్మాయి ఉద్యోగం మానాలన్నారు, మా అమ్మాయి కుదరదంది. మా అత్తగారు మాత్రం "నేను చెప్పలేదా, పాలు విరిగినప్పుడే అనుకున్నా" అన్నారు. ఆ కోపమో, బాధో తెలియదు, నెలాఖరు లెక్కలో రెండు లీటర్ల డబ్బులు నేను నిజంగానే పట్టుకున్నాను.

పాలు పోసే అక్క గొడవ పెట్టుకోలేదు. డబ్బులు కొంగున కట్టుకుంటూ "కరెంటు మీ ఇంట్లో పోయింటే నా ఎనుమేం చేస్తుందమ్మా? ఆ రెండు లీటర్ల దుడ్డు దానికి ఒక పూట మేత" అంది. నాకు నోట మాట రాలేదు.

మా సీమ పడమటి కనుమల వాననీడలో ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వస్తే. 2022లో జిల్లాను రెండు చేసి హిందూపురం, ధర్మవరం, కదిరి, పెనుకొండ వైపును శ్రీ సత్యసాయి జిల్లా అన్నారు గానీ, కరువు గీత చూసి ఆగుతుందా? చెనక్కాయ పంట ఎండితే చేతికి గింజా రాదు, పశువుకు కట్టెమేతా రాదు. అప్పుడు ఇంట్లోకి రోజూ నాలుగు రూపాయలు తెచ్చేది పాడి ఒక్కటే. మేత కోసం నడిచేది, నీళ్ళు మోసేది, చీకటితో లేచి పాలు పిండేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ పాలను శకునమని పారబోస్తే ఒకరి కష్టం పారబోసినట్టు. డబ్బులు పట్టుకుంటే అది ఇంకా అన్యాయం.

మర్నాడు పొద్దున ఆ డబ్బులు ఆమె చేతిలో పెట్టాను. కొత్తగా చేసిన పనీర్ బెల్లం ఉండలు నాలుగు ఇచ్చి, "ఇవి విరిగిన పాలతోనే చేశానక్కా, తిని చూడు" అన్నాను, ఏదో గొప్ప విషయం కనిపెట్టినట్టు. ఒకటి నోట్లో వేసుకుని నవ్వింది. "ఇదేమన్నా కొత్తదామ్మా? పాలు ఇరిగితే మా ఇంట్లో పిల్లోల్లు బెల్లమేసుకోని తినేదే ఇది. మీరు ఏలక్కాయ ఏసినారు, అంతే" అంది.

మీ ఇంట్లో ఈసారి పాలు విరిగితే కంగారు పడకండి. వాసన చూడండి, బట్ట తీయండి, బెల్లం తురమండి. పాలు పోసే మనిషిని మాత్రం ఏమీ అనకండి. వచ్చే వారం ఇంకో కబురుతో కలుద్దాం.